పెత్రమాస నాడు నమిలిన బియ్యం

దయ్యాలు లేవని నేను కొత్తగా ఒట్టు పెట్టి చెప్పక్కర్లేదు. బాన్సువాడలో మా మందుల షాపుకు వచ్చేవాళ్ళలో సగం మంది ఆ సంగతి నా నోటి నుంచే విన్నారు. పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టించి, ఎందుకైనా మంచిదని గోలీలు కూడా అడిగే తల్లులతో నేను గొడవ పడని వారం ఉండదు. "గాలి గాదు ధూళి గాదు, జరమొచ్చింది. మందు తాపు" అని కసురుకుంటాను. వాళ్ళు నవ్వుకుంటూ మందు తీసుకుపోతారు. తాయెత్తు మాత్రం విప్పరు.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను కూడా ఆ తాయెత్తుల జట్టులో కలిపేస్తారని భయం. కలపకండి. నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రోజు మా అక్క వాళ్ళింట్లో చూసినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

నాకు బీడీ అలవాటు లేదు, కల్లు అలవాటు లేదు. ఉన్నదల్లా పుస్తకాల పిచ్చి. చిన్నప్పుడు బస్టాండు దగ్గర కిరాయికి ఇచ్చే డిటెక్టివ్ నవలలతో మొదలైంది. వయసు పెరిగేకొద్దీ కట్టుకథలు చాలక నిజంగా జరిగిన పాతకాలపు ఘోరాల మీద పడ్డాను. బాటసారులతో స్నేహం కలిపి రుమాలుతో గొంతు బిగించిన ఠగ్గులు, బావుల్లో కలిపిన విషాలు, దొంగలను పట్టడానికి కాగే నూనెలో చేతులు పెట్టించిన పంచాయితీలు, ఇలాంటివన్నీ వెదికి వెదికి చదువుతాను. "పొద్దంత మందులమ్ముతవు, ఇంటికొచ్చి విషాల సంగతి చదువుతవు. నీ చేతి చాయ తాగాల్నంటే భయమైతుంది" అని మా ఆవిడ దెప్పుతుంది.

ఆమెకు అర్థం కానిది ఒకటుంది. నాకు కావలసింది ఘోరం కాదు, దాని వెనకున్న కారణం. ఎంత చీకటి కథయినా చివరి పేజీకి వచ్చేసరికి ఎవడో ఒకడు అన్నీ విప్పి చెప్తాడు. అది చదివి పుస్తకం మూస్తే నాకు హాయిగా నిద్రపడుతుంది.

నేను చదివిన పాత పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది బియ్యం పరీక్ష. ఇంట్లో దొంగతనం జరిగితే అనుమానం ఉన్నవాళ్ళందరినీ వరుసగా కూర్చోబెట్టి తలా పిడికెడు పచ్చి బియ్యం నమలమనేవారట. కాసేపయ్యాక ఎవరి ఆకులో వాళ్ళు ఉమ్మాలి. తప్పు చేయనివాడి బియ్యం తడిగా, పాలు కారే ముద్దలా వస్తుంది. చేసినవాడిది పొడి పిండిలా రాలుతుంది. జనం మంత్రమనుకునేవారు. మంత్రం లేదు పాడూ లేదు, భయం. గుండె దడదడలాడితే నోట్లో తడి ఆరిపోతుంది, తడి లేకపోతే బియ్యం నానదు. మందులమ్మేవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు మరీ బాగా తెలుసు. పెళ్ళిళ్ళలో, దావత్‌లలో నలుగురు దొరికితే చాలు, ఈ కథ చెప్పి నా తెలివి నేనే మెచ్చుకునేవాణ్ణి. మా బావ కూడా చాలాసార్లు విన్నాడు. నా కర్మ, మరిచిపోలేదు.

మా అక్కను నస్రుల్లాబాద్ పక్కన ఒక ఊళ్ళో ఇచ్చాం. ఊరి పేరు రాయను, వాళ్ళ ఇంటి పరువు సంగతి. కాలువ కింద వరి, కొంత చెరకు, పాత పెంకుటిల్లు. అక్క మామను ఊరంతా పెద్దపటేల్ అనేది. పక్షవాతం వచ్చి చాలా నెలలు మంచంలో ఉండి, ఇదంతా జరగడానికి ముందు ఏడాది పోయాడు. మందులన్నీ మా షాపు నుంచే వెళ్ళేవి.

ఆయనను చూసుకోవడానికి కాలువ అవతలి లంబాడీ తండా నుంచి శాంతాబాయి వచ్చేది. నలభై అయిదేళ్ళుంటాయి, మాట తక్కువ. అన్నం తినిపించడం, నీళ్ళు తాపడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆమే. కొడుకులిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి "నాయినా, ఎట్లున్నవే" అని అడిగి పొలానికి పోయేవారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు, మగవాళ్ళం ఆ పనికి దూరంగానే ఉంటాం. పెద్దపటేల్ పోయాక ఆమె బాన్సువాడలోనూ చుట్టుపక్కలా మంచాన పడ్డవాళ్ళను చూసుకుంటూ బతుకుతోంది. రోగులకు కావలసినవి కొనడానికి మా షాపుకు కూడా వచ్చేది.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మేం పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు పెట్టి పెద్దల ఫోటో ముందు ఉంచుతాం. పక్కన ఖాళీ విస్తరాకు, చెంబుతో నీళ్ళు పెట్టడం అక్క వాళ్ళింటి ఆనవాయితీ. అయ్యగారు, అంటే పురోహితుడు, వచ్చి చాట తీసుకున్నాక ఆ ఆకులో ముందు పెద్దలకు వడ్డించి, తరువాతే ఇంట్లోవాళ్ళు తింటారు. అప్పటిదాకా చాటలో గింజ ఎవరూ ముట్టరు. ఆ ఏడు పెద్దపటేల్‌ని పెద్దల్లో కలిపే మొదటి పెత్రమాస.

పొద్దున్నే షాపు తీసి ఊదుబత్తి వెలిగిస్తుంటే బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, అవ్వ గుండ్ల దండ పోయింది."

అవ్వ అంటే అక్క అత్త, పెద్దపటేల్ భార్య. ఆమెకు తల్లిగారు పెట్టిన బంగారు గుండ్ల దండ నడిమర్రలో, అంటే మధ్య గదిలో, సందుగ పెట్టెలో ఉండేది. దసరా తరువాత అక్క కూతురి ఎంగేజ్‌మెంట్ ఉంది, దండకు మెరుగు పెట్టిద్దామని ముందురోజు సందుగ తీస్తే దండ లేదు. తాళం విరగలేదు. పెద్దపటేల్ మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఆ సందుగ ఎవరూ తీయలేదట. ఆ మంచం ఉన్నది ఆ అర్రలోనే. పగలంతా అక్కడ ఉన్నది శాంతాబాయి.

"కూరగాయలు తరుగుదువు రా అని పిలిపిచ్చి కూసోపెట్టిన. అడిగితే నోరు మెదుపుతలేదు. నువ్వు గా బియ్యం కథ చెప్తుంటివి గద, వచ్చి చేయి. తేలకుంటే పొద్దుగూకంగ ఠాణల అప్పజెప్తా" అన్నాడు బావ.

నాకు ఎగిరి గంతేసినంత పనయింది. ఇన్నేళ్ళు చదివినది చేసి చూపించే రోజు వచ్చింది. షాపు కుర్రాడికి అప్పగించి బండి తీశాను. దారి పొడుగునా ఆడపిల్లలు తంగేడు పూల కోసం గట్ల వెంట తిరుగుతున్నారు. కాలువ నిండుగా పారుతోంది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే ఉత్సాహం సగం చచ్చింది. శాంతాబాయి ముందర్రలో గోడకు ఆనుకొని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ముందర తరగని బీరకాయలు. బావ తమ్ముడు శ్రీకాంత్ అటూ ఇటూ తిరుగుతూ తండా పెద్దమనుషుల్ని పిలిపిస్తానంటున్నాడు. అక్క కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అవ్వ ఒక మూల కూర్చుని ఉంది.

"తీసినవా అంటే 'దొంగతనం చెయ్యలే' అంటది. మరి దండ యాడుందో ఎర్కనా అంటే నేల దిక్కు చూస్తది" అన్నాడు బావ.

నేను ఆమె ముందు కూర్చున్నాను. నిజమేమిటో చెప్తే ఠాణా దాకా పోకుండా నేను చూస్తానన్నాను.

"అన్నా, ముసలోళ్ళను నా మీద ఇడిసిపెట్టి తలుపులు దగ్గరికేసి పోతరు. గా నమ్మకమే నా బతుకు. దొంగ అన్న పేరొస్తే నన్నెవరు ఇంట్లకు రానిస్తరు? తండాల మొగం ఎట్ల చూపియ్యాలె?" అంది. ఏడవలేదు.

"అయితే దండ ఏమైంది?"

నేల వైపు చూసింది. నేను చదివిన కథల్లో నేరస్థుడు సరిగ్గా ఇలాగే ఒక ప్రశ్నకు జవాబిచ్చి రెండోదానికి నోరు మూస్తాడు. మనసులో ఆమె పేరు పక్కన గీత గీసేశాను. పరీక్షతో రుజువు చేయడమే మిగిలింది.

అందరూ నమలాలి, ఒక్కరిని విడదీస్తే పని చేయదని చెప్పాను. బావ గొణిగాడు గానీ కూర్చున్నాడు. అతని పక్కన శ్రీకాంత్, తరువాత అక్క, తరువాత అవ్వ. "నాకూ పెట్టు, నేనేమన్న దిగొచ్చిన్నా" అని అవ్వే వచ్చి కూర్చుంది. చివరన శాంతాబాయి. మా వాళ్ళు ఆమెకు ఎడంగానే కూర్చున్నారు. అవ్వకూ ఆమెకూ నడుమ ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. ఎప్పటి అలవాటో, ఎవరూ దాన్ని గమనించలేదు. నేనూ గమనించలేదు, తరువాత గుర్తు చేసుకున్నాను.

బియ్యం కోసం లోపలికి వెళ్ళాను. నడిమర్రలో పెద్దపటేల్ ఫోటో ముందు చాట నిండా బియ్యం కనిపించింది. వంటింటి దాకా పోవడమెందుకని స్టీలు పళ్ళెంలోకి అయిదారు పిడికిళ్ళు తీసుకున్నాను. చాట పక్కన విస్తరాకు పరిచి ఉంది. దాని మీద ఏమీ లేదు. ఇది నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ ఆకు కూడా తీసుకుందామని చేయి చాపి, గూట్లో విస్తరాకుల కట్ట కనిపించి మానుకున్నాను.

ఆ అర్రకు ఒకటే తలుపు. అది ముందర్రలోకే తెరుచుకుంటుంది. కిటికీకి అడ్డంగా వడ్ల సంచులు నిట్టనిలువునా పేర్చి ఉన్నాయి. నేను ఆకులు పంచి, బియ్యం పంచి, వచ్చి ఆ తలుపు గడప మీదే నిలబడ్డాను. అక్కడి నుంచి అందరి మొహాలు కనిపిస్తాయి.

"నమలుండ్రి. నేను చెప్పేదాక ఎవ్వరు లేవద్దు, మాట్లాడద్దు."

ఆ ఇంట్లో బియ్యం నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాళ్ళ మీద చెప్పులు ఈడ్చినట్టు ఉంటుంది ఆ చప్పుడు. బావ నన్ను గుర్రుగా చూస్తూ నములుతున్నాడు. శ్రీకాంత్ దవడ వేగంగా ఆడుతోంది, నాకు అతని మీద కూడా కొంచెం అనుమానం కలిగింది. అవ్వ ఉన్న పళ్ళతో మెల్లగా కొరుకుతోంది. ఎవరికి వాళ్ళకు పక్కవాళ్ళ మీద చూపు. ఒక్క పూటలో ఒక ఇల్లు ఇట్లా అయిపోతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా ఆపలేదు.

అప్పుడు శాంతాబాయి నమలడం ఆపింది. పక్కకు తిరిగి చూసింది. ఏదో వింటున్నట్టు తల వంచింది. మెల్లగా లేవబోతూ స్తంభం దగ్గరున్న నీళ్ళ చెంబు వైపు చేయి చాపింది.

"లేవద్దన్ననా? కూసో!" అని అరిచాను.

ఆమె చేయి గాలిలోనే ఆగింది. నా వైపు చూసి, మళ్ళీ పక్కకు చూసి, కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు అప్పుడు చూశాను. బావ నాతో "చూసినవా?" అన్నట్టు కళ్ళెగరేశాడు. చూశాను. నోరెండిపోయినవాడే నీళ్ళ కోసం వెతుకుతాడు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

కాసేపు ఆగి ఉమ్మమన్నాను. ఒక్కొక్క ఆకు దగ్గర వంగి చూశాను. బావది ముద్ద. శ్రీకాంత్‌ది ముద్ద. అక్కదీ అంతే. అవ్వది సరిగ్గా నలగలేదు గానీ తడిగానే ఉంది. శాంతాబాయిది పిండి పాలలా జారుతోంది, అన్నిటికంటే తడి దానికే. నేను వేలితో కూడా తాకి చూశాను.

నా మొహం చూసి బావకు అర్థమయింది. "గిదేనా నీ తెలివి?" అన్నాడు. శ్రీకాంత్ పకాలున నవ్వాడు. అక్క మాత్రం నా చేతిలో పళ్ళెం వైపు చూస్తూ "ఏ బియ్యం తీసినవ్‌రా?" అంది.

"లోపల చాటల ఉన్నయి గద."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అవి మామకు పెట్టినయిరా! ఆయన ముట్టకముందే మాతోని ఎంగిలి చేపిస్తివి గదరా!"

సిగ్గుతో, పళ్ళెంలో మిగిలిన గింజలు చాటలో పోద్దామని నడిమర్రలోకి వెనక్కి తిరిగాను. గడప దాటాక రెండో అడుగు పడలేదు.

ఫోటో ముందు పరిచిన విస్తరాకు మీద ఒక చారెడు నమిలిన బియ్యం ఉంది. పొడిగా. ఒట్టి పిండి, దానిలో అక్కడక్కడ నలగని గింజలు. సున్నం గోడ గీకితే రాలినట్టు ఆకు మీద కుప్పగా పడి ఉంది. తడి చుక్క లేదు. నేను ఆ పొడి పిండి గురించి ఎన్నో ఏళ్ళుగా కథలు చెప్తున్నాను, కంటితో చూడటం మాత్రం అదే మొదలు.

నా వెన్ను జలదరించింది. ఇది అలంకారానికి రాయడం లేదు. చేతిలో పళ్ళెం కింద పడి గింజలు అర్రంతా చెల్లాచెదురయ్యాయి.

ఆ చప్పుడుకు అందరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. అవ్వ ఒక్కతే లోపలికి వచ్చి, ఆకు ముందు కూర్చుని, ఆ పిండిని చాలాసేపు చూసింది. తరువాత తలెత్తి ఫోటోను చూసింది.

"ఏందయ్యా? గిదేంది?" అని ఫోటోనే అడిగింది, ఎదురుగా మనిషి ఉన్నట్టు.

శాంతాబాయి గుమ్మం బయటే నిలబడి గొల్లున ఏడ్చింది. పొద్దుటి నుంచి గొంతెత్తి ఏడవని మనిషి.

"ఆయన నోరు తెరిసిండు అవ్వా, ఇగ నేను చెప్త. దండ నేనే తీసిన. పెద్దపటేలే తియ్యమన్నడు. దిండు కింద తాళం చెయ్యి ఇచ్చిండు. 'నా మూత్రాలు ఎత్తినవు, కడుపున పుట్టినోళ్ళు ఎత్తలే, ఇది నీకే' అన్నడు. నేను వద్దన్న. చెయ్యి పట్టుకొని ఏడ్సిండు. 'అవ్వకు నేనే చెప్త, నేను చెప్పేదాక నువ్వు ఎవ్వరికి చెప్పకు' అని చేతుల చెయ్యేపిచ్చుకున్నడు. తెల్లారేసరికి ఆయనకు మాట వడిపాయె."

అది నాకు గుర్తుంది. రెండోసారి పక్షవాతం వచ్చి ఆయనకు మాట పూర్తిగా పోయింది. తరువాత ఎక్కువ రోజులు బతకలేదు.

"గట్లయితే దండ ఏది?" అన్నాడు శ్రీకాంత్.

"నేను ఇల్లు దాటియ్యలే. గరిసెల ఏసిన."

గరిసె అంటే వెనకటి కాలపు వడ్ల గది. ఇప్పుడు వడ్లు కల్లం నుంచే కొనుగోలు సెంటరుకు పోతున్నాయి కాబట్టి అందులో పాత సామాను తప్ప ఏమీ లేదు. శ్రీకాంత్ దిగి వెతికాడు. అడుగున ఊకలో, పెద్దపటేల్ పంచె గుడ్డలో చుట్టి దండ దొరికింది. ఒక్క గుండు తగ్గలేదు.

బావ తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు. తీసుకున్నది దాచుకోక, తిరిగి ఇవ్వక ఎందుకిట్లా చేశావని నేను శాంతాబాయిని అడిగాను. తీసుకుపోతే తనకు నిద్ర పట్టదట. తిరిగిస్తే దొంగిలించి భయపడి ఇచ్చిందంటారట. పైగా మాట ఇచ్చింది. "సచ్చినోని మాట ఎట్ల దాటాలె అన్నా" అంది. ఠాణాకు పోవడానికైనా సిద్ధపడింది గానీ మాట దాటలేదు.

అవ్వ దండను ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పింది. గుండ్లు కొన్ని దారంలోంచి జార్చి శాంతాబాయి కొంగు పట్టుకుని ముడి వేసింది. "అత్తమ్మా..." అని అడ్డు చెప్పడానికి శ్రీకాంత్ భార్య ఆ పూట ఇంట్లో లేదు, పుట్టింటికి పోయింది. శ్రీకాంత్ మాత్రం "అవ్వా, అవి..." అన్నాడు.

"నాయి గుండ్లు. నా తల్లి పెట్టింది. ఇచ్చినోడు ఒప్పుకున్నంక నడుమ మీరెవ్వర్రా?" అంది అవ్వ.

కథ ఇక్కడితో ఆగితే నేను ఏదో ఒక కారణం వెతుక్కుని సర్దుకునేవాణ్ణి. తప్పు చేసినవాడి నోరు ఎండుతుంది, భార్య దండ చెప్పకుండా ఇచ్చేశాడు కాబట్టి ఆయనకు భయం, ఆ మాట అవ్వ కూడా అంది. భయమో, మొహమాటమో. అట్లా అనుకుని నేనూ వణుకుతూనే తలూపాను.

సాయంత్రం శాంతాబాయిని తండా దగ్గర దింపమని అక్క నన్నే పంపింది. ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని బయల్దేరుతున్నారు. కాలువ వంతెన దాటాక నేను ఊరికే ఉండలేక అడిగాను, ఆ నడుమ నీళ్ళ కోసం ఎందుకు లేచావని. నోరెండిపోయిందా?

"నాకు గాదన్నా" అంది వెనక నుంచి. "పెద్దపటేల్ అడిగిండు."

బండి ఆపాను.

ఆమె దిగి, పొద్దున ఏం కూర వండిందో చెప్తున్నంత మామూలుగా చెప్పింది. "మీరంత నా పక్కకెళ్ళి జాగ ఇడిసిండ్రు గద, ఆడనే కూసుండె. మాతోపాటే నమిలిండు. నోరు నడువక ఎంత కష్టపడ్డడో. ఎప్పట్లెక్కనే నీళ్ళు నీళ్ళు అని సైగ చేసిండు. ఇయ్యబోతే నువ్వు కూసో అంటివి. ఇగ ఆయన లేసి నిన్ను రాసుకుంటనే లోపలికి పోయిండు."

నన్ను రాసుకుంటూ. నేను గడప మీద నిలబడి ఉన్నాను. నాకేమీ తగల్లేదు. ఏమీ తగల్లేదనే గుర్తుంది.

పెద్దపటేల్‌కు ఇచ్చిన మందుల్లో ఒకటి నోరు ఎండగొడుతుంది. చెంచాతో నీళ్ళు పోస్తూ ఉండమని అప్పట్లో శాంతాబాయికి చెప్పింది నేనే. ఆయన ఆఖరి నెలలన్నీ ఆ చెంచా నీళ్ళ మీదే గడిచాయి. ఆ పొడి పిండిని చూసి మేమంతా భయం అన్నాం, తప్పు ఒప్పుకున్నాడన్నాం. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు, ఆ ముసలాయనకు దాహమై ఉంటుందని మాత్రం తట్టలేదు.

రాత్రికి అక్కకు ఫోన్ చేసి, ఫోటో ముందు నీళ్ళ చెంబు పెట్టావా అని అడిగాను. పెట్టలేదంది. చెంబు తీసుకొస్తుంటే బావ శాంతాబాయి మీద కేకలేశాడట. గాభరాలో స్తంభం దగ్గర పెట్టి మరిచిపోయిందట. శాంతాబాయి చేయి చాపింది ఆ చెంబు కోసమే.

తరువాత నేను చేయవలసిన పరిశోధన అంతా చేశాను. ఎవరైనా ముందే పెట్టి ఉంటారా? ఆకు ఖాళీగా ఉండటం నా కళ్ళతో చూశాను. పరీక్ష జరుగుతుండగా లోపలికి పోయారా? గడప మీద నేనే ఉన్నాను. ఎలుకలా? ఎలుక బియ్యం తింటుంది, నమిలి ఉమ్మి పోదు. షాపు మూసే వేళ నేనే ఎన్నోసార్లు బియ్యం నమిలి చూశాను. నోట్లో దూది కుక్కుకుని నమిలాను, రోజంతా ఉపవాసం ఉండి నమిలాను. ఎంత చేసినా కొద్దో గొప్పో తడి వస్తుంది. అట్లాంటి పిండి రాలేదు. మా ఆవిడ చూసి తాయెత్తు కట్టిస్తానని బెదిరించాక మానేశాను.

ఆ పిండిని సీసాలో వేసుకుని తెచ్చుకుందామని ఆ రోజే అనుకున్నాను. అవ్వ ఒప్పుకోలేదు. ఆకు మడిచి తన చేతులతోనే తీసుకుపోయి కాలువలో వదిలింది. శాంతాబాయి అబద్ధం చెప్పి ఉండవచ్చు కదా అంటారేమో. దేనికోసం? దండ దొరికింది, పేరు నిలిచింది, నేను అడిగేదాకా ఆమె ఆ మాటే ఎత్తలేదు.

ఇప్పుడు అక్క వాళ్ళింట్లో పెత్రమాసకు చాట కంటే ముందు చెంబు పెడతారు. పెట్టడానికి శాంతాబాయిని పిలుస్తారు. ఆమె చెంబు మీద ఒక చెంచా కూడా ఉంచుతుంది. బావ వెళ్ళి ఆమెను బండి మీద తీసుకొస్తాడు. నేనూ వెళ్తాను గానీ నడిమర్ర గడప మీద నిలబడను.

పొద్దున నిండుగా పెట్టిన చెంబులో సాయంత్రానికి నీళ్ళు తగ్గుతాయా అని మొన్న మా ఆవిడ అడిగింది. నేను ఎప్పుడూ చూడలేదు. చూడను కూడా.